నూట ఇరవయ్యో కత్తి

సానకొట్టు, ఇంటి ముందు గది
ఆదివారం

ఒరేయ్ అర్జీ,

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన పొట్లాన్ని నిదానంగా విప్పు. లోపల కత్తి ఉంది. దానికి చుట్టింది నాన్న బనియను. తిరిగి పంపక్కర్లేదు, పోయిన సంగతి ఆయనకింకా తెలియదు.

రెండేళ్ళుగా నీ చెవినిల్లు కట్టుకుని పోరుతున్నానే, ఆ కత్తి ఇదే. ఎవరో చేసినదానికి సానపట్టింది కాదు, మొదటినుంచీ నేను చేసింది. లారీ కమాను పట్టీ కోసి, కాల్చి, నూనెలో ముంచి, అంచు తీశాను. పిడికి, కుర్చీలు చేసేవాళ్ళు పారేసిన కాళ్ళ ముక్కలు వాడాను. ఒర అమ్మ మిషను మీద కుట్టింది, మూడు సూదులు విరిగాయి. కొలతకి నీ పాత బెల్టు ఇంట్లో ఉంటే దాని మీద పెట్టి చూసింది. మడత లేదు, స్ప్రింగు లేదు, పాడవడానికి ఏమీ లేదు. కొండలెక్కేవాళ్ళు, గుడారాలేసుకునేవాళ్ళు ఓ మాదిరి చెప్పుల జత కొన్నంత తేలిగ్గా కొనుక్కోవాలని నా ఉద్దేశం.

సంగతేమిటంటే, నాన్న భుజం ఇక పనికి రాదని తేలిపోయింది. సానకి కత్తులు తెచ్చేవాళ్ళు కూడా తగ్గారు. పక్కన సైకిళ్ళు బాగుచేసే ఆయన మన ముందు గది అద్దెకి అడుగుతున్నాడు. నాన్న నాకు ఈ వానాకాలం గడువిచ్చాడు. "కత్తి అమ్ముడైతే కొట్టు నీది. లేదంటే ఆయనకిచ్చేద్దాం, నువ్వేదైనా ఉద్యోగం చూసుకో," అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. ఇనుప సామాన్ల షావుకారు తన నాలుగు కొట్లలోనూ చోటిస్తానంటున్నాడు, అడవిలో వాడినవాళ్ళు ఏమంటారో ముందు చెప్పమన్నాడు.

అందుకని నువ్వు. చెట్లు కొలిచే ఉద్యోగం పేరుతో ఆర్నెల్లు గుడారంలో పడుకునే తమ్ముడు ఊరికే దొరకడు.

అంచు నాన్న నేర్పిన లెక్క ప్రకారమే తీశాను. పిడి వైపు కుడిచేత పట్టి సానచక్రం మీద ఒక వైపు ఎనిమిది లాగుళ్ళు, చెయ్యి మార్చి రెండో వైపు ఐదు. పోసుకోలు కబుర్లు వద్దు. ఏం కోశావో, ఎలా తెగిందో రాయి. నీ ఒక్కడి చేతిలోనే ఉంచుకోకు, అక్కడున్న అందరికీ ఇచ్చి చూడు.

అక్క


కొండ మీది శిబిరం, మూడో గుడారం
గురువారం (జీపు వచ్చిన రోజు)

మహారాజశ్రీ అక్కగారి సముఖమునకు,

విషయం: కత్తి. సందర్భం: తమరు పంపారు. జతపరచినవి: ఏమీ లేవు, బనియను నేనే వాడుకుంటున్నాను.

చిన్నప్పుడు సైకిలు కోసం నాన్నకి పదకొండు అర్జీలు పెట్టి ఆ పేరు సంపాదించుకున్న నేను, డిగ్రీలో వృక్షశాస్త్రం కూడా చదివి, ప్రస్తుతం అడవిలో చెట్ల నడుము చుట్టుకొలతలు రాసుకుంటున్న నేను, ఈ కత్తి మీద నా మొదటి అభిప్రాయాన్ని సత్యప్రమాణంగా సమర్పించుకుంటున్నాను.

చూపుకి: అందగత్తె కాదు. కమాను పట్టీ నలుపు వెన్ను మీద అలాగే ఉంది. నిద్ర లేచి మొహం కడుక్కోకుండా పనిలోకి దిగిన మనిషిలా ఉంది. నాకది నచ్చింది. మెరిసే కత్తిని చూస్తే వాడాలనిపించదు, గోడకి తగిలించాలనిపిస్తుంది. దీన్ని చూడగానే ఏదో ఒకటి కొయ్యాలనిపించి మా గుడారం తాడే కోశాను. గుడారం పడింది. కత్తి నెగ్గింది.

బరువుకి: చేతిలో ఉన్నట్టు తెలుస్తుంది, నడుము మీద ఉన్నట్టు తెలియదు. పిడి లావుగా, కడుపు నిండిన పిల్లిలా గుండ్రంగా ఉంది. వానలో తడిసినా జారలేదు.

పనికి: గుడారం మేకులకి పదకొండు కర్రలు చెక్కాను. ఎండు కొమ్మ మీద పెట్టి, వెన్ను మీద ఇంకో కర్రతో కొడితే కొమ్మ రెండుగా చీలింది, కత్తికి గీత కూడా పడలేదు. రొట్టె కోశాను, ఉల్లిపాయలు కోశాను, నా బూటు అడుగున ఇరుక్కున్న రాయిని పెకలించాను. ఇవన్నీ ఈ వరుసలో జరగలేదని, మధ్యలో కడిగానని మనవి.

లోపాలు, రెండు. పిడికి కింది రివిట్టు అరచేతిని గీరుతోంది. ఒర మరీ బిగుతు, మొదటిరోజు నేనూ కత్తీ కాసేపు కుస్తీ పట్టాం.

ఒక్క మాట మామూలుగా చెప్తానక్కా. కత్తెరలు, డబ్బా మూతలు తీసే యంత్రాలు, కాలేజీలో చేతిబల్ల ఉన్న కుర్చీలు, ఇవన్నీ పుట్టినప్పటినుంచీ నాకు పగవాళ్ళే. నాన్నకీ అంతే, ఎడమచేతి వాళ్ళ బతుకే అంత. ఈ కత్తి మాత్రం నన్ను ఒక్కసారి కూడా కష్టపెట్టలేదు. ఒర ఎడమ నడుము మీద కూర్చుంది, చెయ్యి దించితే పిడి దానంతటదే వచ్చి అరచేతిలో పడుతోంది. నా చేతిలోనే పుట్టినట్టుంది.

షావుకారుకి చెప్పు: అడవి ఒప్పుకుంది.

ఇట్లు తమ విధేయుడు,
అర్జీ


సానకొట్టు
మంగళవారం

అర్జీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి అమ్మకోసం, ఒకసారి షావుకారు ముందు గట్టిగా. గుడారం పడిన చోట ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నాన్న స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తూ వింటున్నాడు. అంతా అయ్యాక, "రివిట్టు తల ఇంకాస్త అరగదియ్యాలి," అన్నాడు. అంటే నచ్చిందన్నమాట. నచ్చకపోతే లేచి వెళ్ళిపోయేవాడు.

రివిట్టు సరిచేశాను. ఒర అమ్మ వదులు చేస్తోంది. సూదులు నన్నే కొనిపెట్టమంది.

నువ్వు ఒక్క సంగతి ఎగ్గొట్టావు. అందరికీ ఇచ్చి చూడమన్నాను కదా. ఉత్తరం మొత్తంలో నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేదు. వాళ్ళేమన్నారో రాయి.

అక్క


మూడో గుడారం
గురువారం

అక్కా,

తమ ఆజ్ఞ శిరసావహించి కత్తిని ప్రజల్లోకి వదిలాను. ప్రజల మీద నాకు నమ్మకం పోయింది.

మా లెక్కల సారుకి రొట్టె కొయ్యమని ఇచ్చాను. ఈయన మా దళానికి పెద్ద, చెట్టు నీడ చూసి ఎత్తు చెప్పేస్తాడు. ఆయన కోసిన ముక్క పైన మందంగా, కింద కాగితంలా వచ్చింది. రెండో ముక్కా అంతే. "కత్తి పక్కకి పోతోందయ్యా," అన్నాడు. "సారూ, ఇన్నేళ్ళు లెక్కలు చెప్పి ఒక్క సరళరేఖ గియ్యలేకపోతే కత్తిని అంటారేంటి?" అన్నాను. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు, కాకపోతే ఆ పూట నన్ను వాగు అవతలి చెట్లన్నీ కొలవమన్నాడు.

తర్వాత టేపు. కొలతపట్టీ కొస పట్టుకునే నా జోడీ. మంచివాడే, వడ్రంగం మాత్రం వాడికి అచ్చిరాలేదు. వాడు చెక్కిన మేకులు నాలుగూ వంకరే. "నీ కత్తికి మెల్లకన్నుందిరా," అంటాడు. మెల్లకన్ను మేకులకే ఉందని నా తీర్పు. ప్రస్తుతం వాడు రెండురోజులుగా గుడారంలో పడుకున్నాడు, ఏదో బొటనవేలి వ్యవహారం, చెప్పుకోదగ్గది కాదు.

వంటావిడ బంగాళాదుంపలు కోసి, కత్తి కడిగి, తుడిచి ఇచ్చింది. "పదును బాగుంది బాబూ," అంది. ఆవిడ మాట్లాడే మనిషి కాదు. ఏడుగురికి రెండు పూటలా వండే మనిషి పదును బాగుందంటే, షావుకారుకి అంతకంటే ఏం కావాలి?

మొత్తంమీద తీర్పు: కత్తి నిర్దోషి. వాడినవాళ్ళకి కొంత శిక్షణ అవసరం.

అర్జీ


సానకొట్టు
శనివారం

అర్జీ,

లెక్కల సారు సంగతి నాన్నకి చదివి వినిపించాను. మీసాల్లో నవ్వుకున్నాడు. తర్వాత ఏదో ఆలోచిస్తూ ఉండిపోయాడు. భుజం నొప్పేమో అనుకున్నాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. నువ్వు ఇంకో నాలుగు వారాలు పరీక్షించాక షావుకారుకి మాటిద్దామని కదా అనుకున్నాం. నేను నీ మొదటి ఉత్తరం చదివిన రోజే ఇచ్చేశాను. ఆయన నవ్వుతున్నాడు, అమ్మ నవ్వుతోంది, ఆ వేడిలో సరే అనేశాను. మొదటి విడత నూట ఇరవై. నీకు చెబితే తూకం వేసి వేసి రాస్తావని చెప్పలేదు.

పట్టీలన్నీ కోయడం, కాల్చడం అయిపోయింది. ఈ రెండు వారాలూ అంచులే తీశాను. ఎనిమిది, ఐదు. ఎనిమిది, ఐదు. పెదాలతో లెక్కపెట్టుకుంటుంటే అమ్మ, జపం చేస్తున్నావా అంటోంది. నిన్నటితో నూట ఇరవై పూర్తి. గోడ పొడుగునా చెక్కలో గుచ్చి నిలబెట్టాను. పొద్దున్నే తలుపు తియ్యగానే అన్నీ ఒకేసారి నావైపు చూస్తాయి. అరే అర్జీ, ఈ గదిలో ఇన్నేళ్ళూ ఎవరెవరి కత్తులో వచ్చి పోయాయి. మనవి ఉండటం ఇదే మొదటిసారి.

మూడు వారాల తర్వాత ఆదివారం షావుకారు సరుకు చూడ్డానికొస్తాడు. పిడులు బిగించడం ఒక్కటే మిగిలింది. టేపుకి నయమైందా?

అక్క


మూడో గుడారం
బుధవారం (నిన్న వచ్చిన జీపు మళ్ళీ రేపు వస్తుంది, ఇవాళే రాసి పెడుతున్నాను)

అక్కా,

పిడులు బిగించకు. ముందు ఇది చదువు.

టేపు బొటనవేలు చెప్పుకోదగ్గదే. నేను చెప్పలేదు. వాడు నాలుగో మేకు చెక్కుతుంటే కత్తి కర్ర మీంచి పక్కకి జారి వేలిలోకి దిగింది. మూడు కుట్లు పడ్డాయి. వాడు తిన్నగానే లాగాడు, నేను ఎదురుగా ఉన్నాను, చూశాను. చూసి కూడా నీకు వాడి వడ్రంగం మీద జోకు రాశాను. ఆ మాట రాస్తే ముందు గదిలో సైకిళ్ళు కనిపించాయి నాకు. అందుకని రాయలేదు. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను.

నిన్న నీ ఉత్తరం చదివాను. నూట ఇరవై. గుడారంలో కూర్చోలేక వంటపాకలోకి వెళ్ళాను. వంటావిడ నా మొహం చూసి, "ఆ కత్తి ఒకసారి ఇలా ఇయ్యి బాబూ," అంది. కుడిచేత్తో రొట్టె కోసింది. సారు ముక్క లాగే వచ్చింది, కింద పల్చగా. తర్వాత కత్తి ఎడమచేతిలోకి మార్చుకుంది. ఆవిడకి అలవాటు లేదు, అయినా ముక్క తిన్నగా వచ్చింది. అప్పుడు కత్తి మొన తనవైపు తిప్పుకుని, ఒక కన్ను మూసి, అంచుని చాలాసేపు చూసింది.

"అంచు మధ్యలో లేదు బాబూ. ఒక వైపు ఎక్కువ అరిగింది, ఒక వైపు తక్కువ. నీ చేతికి ఇబ్బంది లేదు. మిగతావాళ్ళ చేతికి పక్కకి లాగుతుంది."

"మరి మొదటిరోజే చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు పదును సంగతి అడిగావు, పదును బాగుందని చెప్పాను. నడక సంగతి నువ్వడగలేదు. సారు చెబితే నవ్వావు కూడా."

తర్వాత ఇంకో మాట అంది. "మీ అక్క నిన్ను తలుచుకుని చేసింది ఈ కత్తి."

నేను కూడా ఒక కన్ను మూసి చూశాను. నిజమే. ఇన్నాళ్ళూ నడుముకి కట్టుకు తిరిగాను, ఒక్కసారీ మొనవైపునుంచి చూడలేదు. ఒర సంగతీ అంతే. ఎడమ నడుము మీద ఎంత బాగా కూర్చుందో అని మురిసిపోయాను. అమ్మ నా బెల్టు మీద పెట్టి కుట్టింది, ఎడమన కాక ఎక్కడ కూర్చుంటుంది? లోకంలో ఎడమచేతి వాళ్ళ కోసం ఎవరూ ఏదీ చెయ్యరని జీవితమంతా ఫిర్యాదులు రాశాను. ఒకళ్ళు చేశాక గుర్తుపట్టలేకపోయాను.

కత్తి వెనక్కి పంపుతున్నాను. నువ్వు కూడా చూడు.

సంతకం పెట్టడానికి మొహం చెల్లడం లేదు.


సానకొట్టు
ఆదివారం

అర్జీ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. రెండురోజులు జవాబు రాయలేదు. శుక్రవారమే రాసుంటే నువ్వు జీపెక్కి ఇంకో కొండకి పారిపోయేవాడివి.

తిట్టాల్సింది ముందు తిట్టేస్తాను. ఒక మనిషి వేలు తెగితే నువ్వు నాకు జోకు పంపావు. ఆ వేలి సంగతి ఆ గురువారమే రాసుంటే సరిచెయ్యడానికి నాకు ఇంకో వారం మిగిలేది. నాకు కత్తి మీద మంచిమాట కావాలని ఎవరు చెప్పారు నీకు? మంచిమాటలకి అమ్మ ఉంది. టేపు గుడారానికి వెళ్ళి, నా తరఫున కూడా క్షమాపణ చెప్పు. అర్జీ భాషలో కాదు, మామూలు మాటల్లో.

ఇక నా సంగతి. కత్తి నేను కోసి చూడలేదనుకోకు. కాగితం కోశాను, తాడు తెంచాను, చేతి మీద వెంట్రుకలు గీశాను. మందంగా ఉన్నది ఒక్కటీ కొయ్యలేదు. అవన్నీ కొయ్యడానికి నువ్వున్నావనుకున్నాను. నీ ఉత్తరం చదివి వంటింట్లో రొట్టె తెచ్చి, నా కుడిచేత్తో కోశాను. ముక్క ఎలా వచ్చిందో నీకు తెలుసు. ఆ ముక్క పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను.

నాన్న ముక్క చూశాడు. కత్తి మొన చూశాడు. "ఎన్ని లాగావు?" అన్నాడు.

"నువ్వు చెప్పినట్టే. ఎనిమిది, ఐదు."

"ఏ చేత్తో ఎనిమిది?"

"కుడిచేత్తో."

ముక్కని పక్కన పెట్టాడు. తర్వాత స్టూలు దిగి చక్రం ముందు నిలబడ్డాడు. నొప్పి భుజంతోనే నాకు చూపించాడు. "నాకు ఎడమచెయ్యి బలం. అది లాగితే ఎక్కువ అరుగుతుంది, ఐదు చాలు. కుడిచెయ్యి నీరసం, అందుకని ఎనిమిది. రెండూ సమానమవుతాయి. అది నా చేతుల లెక్క అమ్మా. నీ చేతులది కాదు."

నాకు బలం కుడిచేతిలో. బలమున్న చేత్తో ఎనిమిది లాగాను, లేని చేత్తో ఐదు. నూట ఇరవై సార్లు, పెదాలతో లెక్కపెట్టి మరీ. సానకొచ్చే కత్తులకి ఇన్నేళ్ళూ తేడా తెలియలేదు, వాటికి పాత అంచే దారి చూపిస్తుంది. కొత్త పట్టీకి దారి మన చెయ్యే చెప్పాలి.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నాకు తెలిస్తే కదా. ఆ అంకెలు నోటికి రావడమే గానీ ఎందుకని నేనెప్పుడూ అడుక్కోలేదు. లెక్కల సారు ముక్క సంగతి నువ్వు చదివిన రోజు ఏదో తట్టింది. పట్టుకోలేకపోయాను."

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని, "అయితే ఒరలు కూడా తప్పేనా?" అంది. వాటిలో డెబ్భై అప్పటికే కుట్టేసింది.

చెక్క పొడుగునా నూట ఇరవై కత్తులు నిలబడి ఉన్నాయి. పక్కాయన సైకిలు చక్రం తిప్పుతున్న చప్పుడు గోడలోంచి వినపడుతోంది. ఏడుద్దామనుకున్నాను, టైము లేదు. షావుకారు రావడానికి రెండు వారాలే ఉంది.

నిన్న నా దగ్గర విడిగా ఉన్న నమూనా కత్తి తీసుకుని, తక్కువ అరిగిన వైపు లాగడం మొదలెట్టాను. లాగడం, మొన చూడటం, రొట్టె కోయడం. తొమ్మిదో లాగుడుకి ముక్క తిన్నగా వచ్చింది. కత్తి ఒక వెంట్రుకవాసి సన్నబడింది, అంతే. కొత్త పట్టీ మీద కూడా చూశాను. నా చేతుల లెక్క, కుడిచేత్తో ఐదు, ఎడమచేత్తో ఎనిమిది. నాన్నది తిరగేస్తే నాది.

సరిచేసిన కత్తి ఒకటి పంపుతున్నాను. ఈసారి నువ్వు ముట్టుకోకు. వంటావిడకి, సారుకి, టేపు ఒప్పుకుంటే టేపుకి ఇవ్వు. వాళ్ళ మాటలే రాయి, నీవి కాదు.

అక్క

మళ్ళీ: నువ్వు వెనక్కి పంపిన కత్తి కూడా ఇందులోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అది నీది.


మూడో గుడారం
గురువారం

అక్కా,

ఆజ్ఞ ప్రకారం నా మాటలు లేవు. విన్నవి విన్నట్టు.

లెక్కల సారు, రొట్టె కోసి: "ఇప్పుడు చెప్పు, సరళరేఖ ఎవరికి రాదు?" ముక్కని నా నోట్‌బుక్కులో గీతల పక్కన పెట్టి చూపించాడు. సమాంతరంగా ఉంది. మరుసటి పూట నన్ను మళ్ళీ వాగు అవతలికి పంపాడు, అది వేరే సంగతి.

టేపు: ముందు తీసుకోలేదు. నేను మామూలు మాటల్లో చెప్పాను, రెండుసార్లు తడబడ్డాను. అందరి ముందూ నవ్వినందుకు కూడా చెప్పాను. "నువ్వు జోకు లేకుండా మాట్లాడితే భయంగా ఉందిరా," అన్నాడు. తర్వాత కట్టు ఉన్న వేలిని దూరంగా పెట్టుకుని ఒక మేకు చెక్కాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తిన్నగా ఉంది. "మీ అక్కకి చెప్పు, నాకొకటి కావాలి. కొనుక్కుంటాను, ఊరికే వద్దు," అన్నాడు. ఆ మేకుని తన గుడారానికి కొట్టుకోలేదు, సంచిలో దాచుకున్నాడు.

వంటావిడ: రొట్టె, గుమ్మడికాయ, ఒక తాడు, తన గోరు. అన్నీ అయ్యాక మొన చూసి, "నడుస్తోంది," అంది. కత్తి తుడిచి ఇస్తూ, "మీ అక్కది మంచి చెయ్యి. వారం తిరక్కుండా ఒప్పుకుని సరిచేసింది. నేనైతే కత్తి కంటే ముందు అది చూస్తాను," అంది. ఆవిడ నోటినుంచి ఇంత పొడుగు మాట మా శిబిరంలో ఎవరూ వినలేదు.

నా మాట ఒక్కటి, అనుమతిస్తే. నేను ముట్టుకోలేదు. ముట్టుకోబుద్ధయింది.

అర్జీ


సానకొట్టు
సోమవారం

ఒరేయ్ అర్జీ,

నిన్న షావుకారు వచ్చాడు.

నీ ఉత్తరాలన్నీ ఆయన ముందు పెట్టాను. మెల్లకన్ను ఉత్తరం, టేపు వేలి ఉత్తరం, అన్నీ. నాన్న వద్దని తల ఊపాడు, అయినా పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వరసగా చదివాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు. వేలు దగ్గర నవ్వలేదు. చదవడం అయ్యాక, "అయితే నేను మొదటి ఉత్తరానికే సరుకెత్తుకుంటే ఇన్ని వేళ్ళు తెగేవన్నమాట," అన్నాడు. అవునన్నాను. లేచి చెక్క దగ్గరికి వెళ్ళి, ముందువరసలోవి వదిలేసి, వెనకనుంచి మూడు కత్తులు తీసుకున్నాడు. రొట్టె సిద్ధంగా పెట్టాం. మూడింటితోనూ కోశాడు. మూడు ముక్కల్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అంచులు చూశాడు. తర్వాత ఆ మూడూ తినేశాడు.

"నాలుగు కొట్లలోనూ కంటికెదురుగా ఉండే అరనే ఖాళీ చేయిస్తాను. వచ్చే విడతకి రెండువందలు చెయ్యి. ఆ ఉత్తరాలు నాకిస్తావా? కొనేవాళ్ళకి చదివి వినిపిస్తాను," అన్నాడు. ఇవ్వనన్నాను. అవి ఇంట్లోవి.

ఆయన వెళ్ళాక సైకిలాయన గుమ్మం దగ్గరికొచ్చి, గది సంగతేమైందని నాన్నని అడిగాడు. నాన్న స్టూలు మీంచి లేవకుండానే, "మా అమ్మాయి కొట్టు నడుపుకుంటోంది కదయ్యా," అన్నాడు, పాత సంగతేదో గుర్తుచేస్తున్నట్టు.

ఒరల సంగతి కూడా తేలింది. అమ్మ డెబ్భై ఒరల కుట్టూ విప్పి, బెల్టు దూరే పట్టీని ఏ వైపుకైనా మార్చుకునేలా కుట్టింది. ఇది తన ఆలోచనేనని షావుకారుకి రెండుసార్లు చెప్పింది.

ఒక్క చిక్కు మాత్రం తేలలేదు. అంచులు సరిచెయ్యకముందు లెక్కపెడితే నూట ఇరవై. నీకు పంపింది నా దగ్గర వేరేగా ఉన్న నమూనా, దీంట్లోది కాదు. సరిచేశాక లెక్కపెడితే నూట పంతొమ్మిది. చెక్కలో ఒక గాటు ఖాళీగా ఉంది. చక్రం కింద చూశాను, నూనె డబ్బాలో చూశాను, అమ్మ కుట్టుమిషను సొరుగులో చూశాను. నాన్ననడిగితే, "నువ్వు లెక్కపెట్టడంలో పొరపడి ఉంటావు. నీకు అంకెలు సరిగ్గా రావు కదా," అన్నాడు. షావుకారు నూట పంతొమ్మిదే తీసుకెళ్ళాడు.

నాన్న ఈమధ్య పొద్దున్నే పెరట్లో కూర్చుని పండు తనే కోసుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ అమ్మే కోసిచ్చేది. ముక్కలు చాలా తిన్నగా వస్తున్నాయట, అమ్మ చెప్పింది.

టేపుకి వచ్చే విడతలో మొదటిది. కొనుక్కుంటానన్నాడు కదా, కొనుక్కోనీ. ఒర మాత్రం ఊరికే ఇస్తానని అమ్మ మాట.

ఈ కింద కాస్త చోటుంది, నాన్న కూడా ఏదో రాస్తానంటున్నాడు.

అక్క


అర్జీ నాన్నా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. ఆ నూట ఇరవయ్యోది నా దగ్గరుంది. చొక్కా కింద, ఎడమవైపు. లక్ష కత్తులకి సానపట్టి ఉంటాను. నా చేతికి సరిపోయింది ఇదొక్కటే, అదీ పొరపాటున వచ్చింది. దీన్ని కూడా సరిచేసేస్తుందేమోనని ముందే తీసి పెట్టుకున్నాను. బాగా తెగుతోంది. అక్కకి చెప్పకు.

నాన్న


ఒరేయ్,

ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించేది నేనేనని ఆయన మర్చిపోయాడు. నువ్వూ చెప్పకు. ఎడమ నడుముకి ఆయనకొక ఒర తీసిపెట్టమని అమ్మకి చెప్పాను.